కొడుకు అమెరికాల, కాగితాలు హన్మకొండల: అసైలం అనువాదాల గురించి తెలిసినోళ్లు జర చెప్పండి

డీటీపీ_హన్మకొండ

అందరికీ నమస్తే. అదాలత్ దగ్గర చిన్న డీటీపీ షాపు నాది. అఫిడవిట్లు, కిరాయి అగ్రిమెంట్లు, అప్పుడప్పుడు తెలుగు నుంచి ఇంగ్లీషు అనువాదాలు. ఇసొంటి పని మాత్రం ఎన్నడు చెయ్యలే, అందుకే అడుగుతున్న.

నిన్న పొద్దుగాల ఒక బాపు బట్టల దుకాణం కవర్ల కాగితాలు పట్టుకొని వచ్చిండు. ఉమ్మడి వరంగల్ జిల్లాల ఒక ఊరు, పేరు చెప్పను. కొడుకు ఒక చిన్న పేపరుకు విలేకరిగ చేసేటోడు, యూట్యూబ్ చానల్ కూడా నడిపిండు. వాగుల ఇసుక తోడుడు మీద, దాని వెనకున్న లీడర్ల మీద వరుసగ రాసిండు. 2024 మేల, పార్లమెంటు ఓట్లకు ముంగట, రాత్రిపూట బండి ఆపి కొట్టిండ్రు. చెయ్యి ఇరిగింది. ఆ తర్వాత గూడ రెండుసార్లు ఇంటి మీదికొచ్చిండ్రట. ఈ యేడు ఫిబ్రవరిల పిల్లగాడు చదువు వీసా మీద అమెరికా పోయిండు. ఇప్పుడు అక్కడ అసైలం పెట్టుకుంటున్నడు, అంటే సొంత దేశంల ప్రాణభయం ఉందని అక్కడ ఆశ్రయం అడుగుడు. లాయరమ్మ లిస్టు పంపింది, అన్నీ ఇంగ్లీషుల కావాల్నట.

కవర్ల ఎఫ్ఐఆర్ ఉంది, ప్రైవేటు ఆస్పత్రి ఓపీ చీటీ, ఎక్స్‌రే, పేపర్ కటింగు, పదో తరగతి మెమో, బర్త్ సర్టిఫికెట్ ఉన్నయి. చదువుకుంట పోతే నాకే తికమక అయింది. బాపు "శనివారం రాత్రి కొట్టిండ్రు" అంటడు, అంటే మే 11. ఎఫ్ఐఆర్ల 12 అని ఉంది, కేసు కట్టింది మాత్రం 15న. ఓపీ చీటీలనేమో బండి మీదికెల్లి పడ్డడని ఉంది! కొట్టిన ముచ్చటే లేదు. ఎఫ్ఐఆర్ల కారణం దగ్గర "పాత కక్షల కారణంగా" అని రాసుంది, ఇసుక ఊసే లేదు.

బాపు నా మొఖం దిక్కు చూసి ఏమన్నడంటే, "టైపు చేసేది నువ్వే గద బిడ్డా, జర అన్నీ ఒక్కతీరుగ చెయ్యరాదు?" అన్నడు. గట్ల కాదు బాపూ అని చెప్పిన గాని, మరి ఎట్ల చెయ్యాల్నో నాకు తెల్వదు. ఎఫ్ఐఆర్ ఫొటో కింద పెట్టిన.

నిర్వాహకుడు

ఫొటో తీసేశాను. పేర్లు, నంబర్లు ఉన్న కాగితాలు దయచేసి ఇక్కడ పెట్టకండి. కొట్టినవాళ్లు కూడా ఇంటర్నెట్ చూస్తారు. ఊరి పేరు చెప్పకపోవడం మంచి పని చేశారు.

కాజీపేట_జంక్షన్

డీటీపీ అన్నా, నేను టెక్సాస్‌ల ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్ ఆఫీసుల పనిచేస్త. లాయర్ని కాదు, ఫైళ్లు కట్టేటోణ్ణి. ఆఖరి మాట వాళ్ల లాయరమ్మదే అనుకొని నాది చదువు.

మొదలు గడువు చూడు. అమెరికాల దిగిన రోజు నుంచి ఏడాది లోపల ఐ-589 అనే అసైలం దరఖాస్తు ఫారం అక్కడి ఇమ్మిగ్రేషన్ వాళ్లకు చేరాలె. ఫిబ్రవరిల దిగిండంటే వచ్చే ఫిబ్రవరి దాటొద్దు. చదువు వీసా సక్కగ నడుస్తున్నోళ్లకు మినహాయింపు అడిగే దారి ఉంది గాని, దాన్ని నమ్ముకొని కూసునుడు మంచిది కాదు. కాగితాలన్నీ జమైనంకనే ఫారం వేద్దామని ఆగొద్దు. ఫారం వేసినంక, ఇంటర్వ్యూ ముంగట గూడ కాగితాలు ఇయ్యొచ్చు. ఇదివరకు దీనికి ఫీజు లేకుండె. 2025 జూలైల వచ్చిన చట్టంతోటి వంద డాలర్లు పెట్టిండ్రు, కేసు తేలేదాంక యేటా ఇంకో ఫీజు.

ఇగ నీ చిక్కులు. బాపు చెప్పినట్టు ఒక్కతీరుగ చేసినవనుకో, ఆ పిల్లగాని కేసు నీ షాపులనే ముగిసినట్టు. 2005ల వచ్చిన రియల్ ఐడీ చట్టం ప్రకారం, మాటకు మాటకు, కాగితానికి కాగితానికి పొసగకుంటే, అది చిన్న ముచ్చటైనా సరే, దాన్ని పట్టుకొని మనిషిని నమ్మనని ఆఫీసరు అనొచ్చు. అనువాదంల 11 అని కొట్టి, పక్కనే ఉన్న తెలుగు అసలుల 12 ఉంటే? వాళ్ల దగ్గర తెలుగు సదివేటోళ్లు ఉండరనుకోవద్దు.

తేడా ఉండుడు తప్పు కాదన్నా. తేడా ఎందుకొచ్చిందో ఆ పిల్లగాడు తన వాంగ్మూలంల తనే ముందుగాల చెప్పాలె. ఆఫీసరు పట్టుకొని అడిగేదాంక ఊకోవద్దు. ఎఫ్ఐఆర్ల టైము ఎంత రాసిండ్రో చూసినవా?

డీటీపీ_హన్మకొండ

ఇప్పుడు చూసిన. 00:30 గంటలు అని ఉంది. అరెరె! శనివారం రాత్రి పన్నెండున్నర అంటే తారీఖు మారినట్టే గదా. బాపుకేమో తెల్లారేదాంక శనివారమే.

సుబేదారి_వకీల్

తేదీ చిక్కు అక్కడికి తేలిపోయింది. 15వ తేదీ సంగతి కూడా అంత కష్టమేమీ కాదు. 2024 మే 13, సోమవారం, తెలంగాణలో పోలింగ్. ఆ రెండు మూడు రోజులు ఏ ఠాణాలో చూసినా బందోబస్తు హడావిడే. అబ్బాయి 12న వెళితే "ఓట్లయినంక రా" అన్నారేమో కనుక్కోండి. అన్నారంటే ఎవరి సమక్షంలో అన్నారు, మళ్లీ ఎప్పుడు వెళ్లాడు అనేది అతనే రాయాలి. మీరు ఊహించి రాయకూడదు, నేను కూడా ఊహించే అంటున్నాను.

"పాత కక్షలు" మాత్రం నన్ను కలవరపెట్టింది. మన ఠాణాల్లో అదొక ఊతపదం. భూతగాదా అయినా, ప్రేమ వ్యవహారమైనా, రాజకీయమైనా రైటర్ చేతికి ముందు వచ్చే మాట అదే. ఇక్కడి కోర్టులో దానివల్ల పెద్ద నష్టం ఉండదు, అక్కడ మాత్రం కేసు ప్రాణమే అందులో ఉంది. అయితే ఒకటి చూడండి. ఎఫ్ఐఆర్‌కు వెనక అబ్బాయి రాసిచ్చిన ఫిర్యాదు జత చేసి ఉండాలి. పోలీసు వాక్యం పోలీసుది, ఫిర్యాదు అతని సొంత మాట. కవర్లో అది ఉందా?

డీటీపీ_హన్మకొండ

లేదు సార్. ఎఫ్ఐఆర్ రెండు పేజీలే ఉన్నయి.

సుబేదారి_వకీల్

అయితే ఎఫ్ఐఆర్ వెళ్లిన మెజిస్ట్రేట్ కోర్టులో కాపీ అప్లికేషన్ వేయించండి. ఎఫ్ఐఆర్, దానికి జత చేసిన ఫిర్యాదు, చార్జిషీటు వేసి ఉంటే అదీ, అన్నింటికీ సర్టిఫైడ్ కాపీలు అడగాలి. ఎఫ్ఐఆర్ పోలీసు వెబ్‌సైట్లో కూడా దొరకవచ్చు. సున్నితమైనవి తప్ప మిగతావి 24 గంటల్లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అక్కడ ఫిర్యాదు జత ఉంటుందన్న భరోసా లేదు, కోర్టు కాపీయే మేలు.

ఇంకో సంగతి. తర్వాత ఇంటి మీదికి వచ్చినప్పుడు ఠాణాలో పిటిషన్ తీసుకొని రసీదు ఇవ్వలేదు అనే కథ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అప్పుడు ఎస్పీకో కమిషనర్‌కో రిజిస్టర్ పోస్టులో పంపి ఉంటే ఆ పోస్టు రసీదు, వెనక్కి వచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ఇంట్లో ఎక్కడో ఉంటాయి. బియ్యం డబ్బా కింద, దేవుడి పటం వెనక, గోడ క్యాలెండర్ మేకుకు. వెతికించండి. పోలీసుల దగ్గరకు వెళ్లాడు, రక్షణ దొరకలేదు అని చూపడానికి ఆ చిన్న కార్డు ఎంతో పనికొస్తుంది.

ఘటన 2024 జూలై 1 కంటే ముందుది కాబట్టి సెక్షన్లు పాత శిక్షాస్మృతి ఐపీసీవే ఉంటాయి. 324, 341, 506 అని ఉంటే అలాగే ఉంచండి. ఇప్పుడు దాని స్థానంలో బీఎన్ఎస్ వచ్చింది కదా అని కొత్త నంబర్లు వేయకండి.

ఓరుగల్లు_కోట

ఏమనుకోకండి, నాకు ఇదంతా నచ్చదు. కొట్టిండ్రు సరే, హైదరాబాద్ పోయి బతకలేడా? బెంగళూరు లేదా? లక్షలు పెట్టి అమెరికా పోయి అక్కడ "మా దేశంల నన్ను సంపుతరు" అని రాసిచ్చుడేంది? సగం మంది నౌకరీ దొరకక పెట్టేటోళ్లే.

కాజీపేట_జంక్షన్

కోట అన్నా, తిట్టినా పనికొచ్చే మాట తిట్టినవు. ఇండియా కేసుల్ల ఆఫీసరు తప్పకుండ అడిగే ప్రశ్న నువ్వడిగిందే: "అంత పెద్ద దేశం, వేరే రాష్ట్రానికి ఎందుకు పోలే?" దీనికి జవాబు లేకుంటే మిగిలిన కాగితాలు ఎన్ని ఉన్నా కేసు నిలబడుడు కష్టం. ఆ పిల్లగాడు హైదరాబాద్‌ల ఉన్నడా, ఉంటే ఎన్ని రోజులు, అక్కడికి ఫోన్లొచ్చినయా, ఎవడన్న ఎతుక్కుంట వచ్చిండా? డీటీపీ అన్నా, హాస్టల్ రసీదు, కిరాయి రసీదు, కాల్ స్క్రీన్‌షాట్లు ఏమన్న ఉన్నయేమో అడుగు.

నౌకరీ లేక పెట్టేటోళ్లు లేరని నేననను. నౌకరీ లేకపోవుడు అసైలంకు కారణం కానే కాదు. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గంల ఉండుడు, గీ ఐదే. ఇసుక మీద రాసుడు రాజకీయ అభిప్రాయం కిందికి వస్తదా అంటే, అధికారం చేతిల ఉన్నోళ్ల అవినీతిని బయటపెట్టుడు వచ్చే వీలుంది. ఉత్త పైసల తగాదా అయితే రాదు. అందుకే కొట్టేటప్పుడు వాళ్లు ఏమన్నరన్నది ముఖ్యం. "పైసలు తీయ్" అన్నరా, "ఇంక రాస్తవా" అన్నరా?

డీటీపీ_హన్మకొండ

బాపు చెప్పుడు ఏందంటే, "రాసే చెయ్యి ఏదిరా" అని అడిగి కుడి చెయ్యి మీద కొట్టిండ్రట. ఎక్స్‌రే కుడి చేతిదే.

రిటైర్డ్_పంతులు

ఆ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నాయనా, నలభై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి. అనువాదం గురించి రెండు మాటలు చెబుతాను. మన మాటలు ఇంగ్లీషులోకి పోయేటప్పుడు ఎంత మోసం చేస్తాయో తెలియాలంటే "పంచాయితీ" అనే మాట ఒక్కటి చాలు. "పెద్దమనుషులు పంచాయితీ పెట్టిండ్రు" అని సాక్షి రాస్తే, దాన్ని గ్రామ పంచాయతీ సమావేశం అని తర్జుమా చేశారనుకో, అది ప్రభుత్వ సంస్థ చేసిన పని అయిపోతుంది. సర్పంచ్ లేడు, తీర్మానం లేదు, చింతచెట్టు కింద నలుగురు కూర్చుని బేరం కుదిర్చారంతే. అలాగే "అన్న". పెదనాన్న కొడుకు మనకు అన్నే. ఫారంలో తోబుట్టువులు ఒక్కరే అని ఉండి, వాంగ్మూలంలో ముగ్గురు అన్నలు కనబడితే వినేవాడికి అబద్ధంలా ఉంటుంది.

"అన్నలు" అని బహువచనంలో వాడితే మన దిక్కు నక్సలైట్లని అర్థం, నీకు చెప్పక్కరలేదు. ఒక ముసలాయన వాంగ్మూలంలో "అప్పట్ల అన్నలు ఊర్లెకొస్తే బువ్వ పెట్టినం" అని ఉంటే, తెలియనివాడు "మా సోదరులు వస్తే అన్నం పెట్టాం" అని రాసి ఊరుకుంటాడు.

కాజీపేట_జంక్షన్

పంతులు సార్, ఆ వాక్యం కాడ ఆగాలె. సోదరులు అని రాస్తే తప్పుడు అనువాదం. ఉన్నదున్నట్టు రాస్తే, ఆయుధాలున్న గుంపుకు తిండి పెట్టుడు గూడ అమెరికా చట్టంల "సహాయం చేసినట్టు" లెక్కకొచ్చే ప్రమాదం ఉంది, బెదిరిస్తే పెట్టినా సరే. అసొంటి మాట ఏ కాగితంల కనబడ్డా అనువాదకుడు మార్చొద్దు, దాచొద్దు, సీదా లాయరమ్మకు ఫోన్ చెయ్యాలె. ఆమెకు ముందుగాల తెలిస్తే దారి చూస్తది.

లక్నవరం_గాలి

నేను ఇక్కడ షికాగోలో ఇద్దరు ముగ్గురికి ఇంటర్వ్యూలో దుబాసీగా వెళ్లాను. అసైలం ఆఫీసు ఇంటర్వ్యూకు దుబాసీని మనమే తెచ్చుకోవాలి. 18 ఏళ్లు నిండి ఉండాలి. వాళ్ల లాయరు, సాక్షి పనికిరారు. తను కూడా అసైలం పెట్టుకొని, ఆ ఇంటర్వ్యూ ఇంకా కాని మనిషి కూడా కూర్చోకూడదు. కోర్టులో కేసు అయితే కోర్టే దుబాసీని ఇస్తుంది.

తెలుగొచ్చినోళ్లు ఎవరైనా చాలు అనుకోకండి. ఒకసారి తయారీలో, అంటే అసలు ఇంటర్వ్యూకు ముందు లాయర్ ఆఫీసులో, మా పరకాల దిక్కు అబ్బాయి "భయమై ఇంటికెల్లి ఉరికిన" అన్నాడు. పక్కన ఉన్న గుంటూరు అక్క పాపం మంచి మనసుతోనే "ఇంటికి వెళ్లి, పరుగెత్తాను" అని ఇంగ్లీషులో చెప్పింది. వాడన్నది ఇంటి నుంచి ఉరికిన అని! ఇంట్లో దాడి జరిగితే మళ్లీ ఇంటికే ఎందుకు వెళ్లావని లాయర్ అడిగితే వీడికి అర్థం కాదు, బిత్తర చూపులు. అక్కడ పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. డీటీపీ అన్నా, మీ దగ్గర కూడా "మీదికెల్లి", "ఠాణాకెల్లి" వస్తాయి, జాగ్రత్త.

డీటీపీ_హన్మకొండ

నా మొదటి పోస్టులనే "బండి మీదికెల్లి పడ్డడు" అని రాసిన చూడు అక్కా 😄

ఆ చీటీ ముచ్చట ఇంకా తేలలే. బాపును మెల్లగ అడిగితే చెప్పిండు. రాత్రి ఒంటిగంటకు ఆస్పత్రికి తీసుకపోతే అక్కడ కంపౌండరు, "కొట్లాట అని రాస్తే ఎంఎల్సీ (మెడికో లీగల్ కేసు) అయితది, పోలీసులకు పోతది, మరి మీ ఇష్టం" అన్నడట. వీళ్లు భయపడి బండి జారిందని చెప్పిండ్రు. అబద్ధం చెప్పినమని బాపు ఇప్పుడు ఏడుస్తుండు. ఆ చీటీ చింపేద్దామా అన్నడు.

కాజీపేట_జంక్షన్

చింపనియ్యకు! ఆ చీటీ మీద తారీఖు, టైము, కుడి చెయ్యి ఇరిగిందన్న రాత ఉన్నయి గద. దెబ్బ నిజమని చెప్పేది అదే. ఎందుకు అబద్ధం చెప్పినమన్నది బాపు తన వాంగ్మూలంల, పిల్లగాడు తన వాంగ్మూలంల, ఎవరి మాటల్ల వాళ్లు రాయాలె. నీకు చెప్పినట్టే రాస్తే చాలు, కంపౌండరు మాటతో సహా. పోలీసులంటే భయం ఉన్నోడు ఆస్పత్రిల అట్ల చెప్పుడు నమ్మలేని కథ కాదు.

"ఎవరి మాటల్ల వాళ్లు" అన్న, అది గట్టిగ పట్టుకో. మా ఆఫీసుకు ఒకసారి ఐదుగురు సాక్షుల అఫిడవిట్లు వచ్చినయి. ఐదు గూడ ఒకటే మూస, పేర్లు ఒక్కటే వేరు. ఒకదాంట్ల పొరపాటున ముందటి సాక్షి పేరే ఉండిపోయింది. డీటీపీ షాపోళ్లకు ఈ అలవాటు ఉంటది, ఏమనుకోకు.

డీటీపీ_హన్మకొండ

ఏమనుకునేది లేదన్నా, నా కంప్యూటర్ల ఆ మూస ఉన్నది. "పైన తెలిపిన విషయములన్నియు నాకు తెలిసినంతవరకు..." దాన్ని ఈ పనికి తియ్యను.

అనువాదం కింద ఏం రాయాలె? నోటరీ, అపోస్టిల్ (కాగితం అసలుదేనని వేరే దేశం కోసం సర్కారు వేసే ముద్ర) గిట్ల కావాల్నా? ఒకాయన అపోస్టిల్ చేయిస్తనని బాపు దగ్గర పైసలడిగిండట.

సుబేదారి_వకీల్

లాయరమ్మ అడిగితే తప్ప అపోస్టిల్‌కు ఒక్క రూపాయి ఇవ్వవద్దని చెప్పండి. అసైలం ఆఫీసుకు వెళ్లే అనువాదానికి నోటరీ కూడా తప్పనిసరి కాదు. బాండ్ పేపరు మీద ఉంటే బరువు పెరుగుతుందనేది మన అదాలత్ నమ్మకం.

కాజీపేట_జంక్షన్

అవును. కింద నువ్వు రాయాల్సింది ఇంతే: నాకు తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చు, ఇది పూర్తి అనువాదం, సరైన అనువాదం. పేరు, సంతకం, చిరునామా, ఫోన్, తేదీ. ఇంట్లోళ్లు చెయ్యొద్దు, బయటి మనిషి చేస్తేనే మంచిది. పూర్తి అంటే పూర్తే. ముద్రలు, మూలకు చేత్తో రాసిన అంకెలు, ఎస్సై సంతకం కింద ముద్ర, అన్నీ. చదవరాకుంటే "చదవరాలేదు" అని ఇంగ్లీషుల రాయి, అందాజగ నింపకు. పేపర్ కటింగు గాదు, తారీఖు కనబడే మొత్తం పేజీ కావాలె. ఆ పేపరు ఈ-పేపర్ల జిల్లా ఎడిషన్ ఉంటే అదే తియ్యి.

ఇంకోటి, బర్త్ సర్టిఫికెట్ల ఊరు ఏ జిల్లా అని ఉంది?

డీటీపీ_హన్మకొండ

బర్త్ సర్టిఫికెట్ల వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. పాస్‌పోర్టుల వరంగల్ రూరల్, తెలంగాణ. ఎఫ్ఐఆర్ల ఉత్త వరంగల్. మూడు గూడ ఒకటే ఊరు!

రిటైర్డ్_పంతులు

అమెరికా ఆఫీసరు బుర్ర తిరిగిపోతుంది. 2014 జూన్ 2న రాష్ట్రం వేరయింది. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ముక్కలై అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరుపడింది. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అంటే ఇవాళ "వరంగల్ జిల్లా" అన్నా, 2015లో అన్నా, ఒకే జిల్లా కాదు. అనువాదంలో మాత్రం కాగితం మీద ఉన్న పేరే ఉంచు. ఈ నాలుగు తేదీలతో విడిగా ఒక అర పేజీ రాసిస్తాను, లాయరమ్మకు పంపు.

గోదావరి_గట్టు

అన్నలూ, మా బావమరిది గూడ అక్కడనే ఉన్నడు, వీసా అయిపోవస్తుంది. ఏదన్న పార్టీ లెటర్‌హెడ్ మీద "మా కార్యకర్త, ప్రాణభయం ఉంది" అని రాసిచ్చేటోళ్లు ఎవరన్న ఉన్నరా? ఖర్చు పెట్టుకుంటం. [ఫోన్ నంబరు తొలగించబడింది]

నిర్వాహకుడు

నంబరు తీసేశాను. ఈ వేదిక మీద ఇలాంటివి అడగవద్దు. ఇంకోసారి అడిగితే ఖాతా ఆపేస్తాం.

కాజీపేట_జంక్షన్

గట్టు తమ్మీ, కోపంతోటి కాదు చెప్తున్న. తెలిసి తెలిసి ఉత్త కథతో అసైలం వేసిండని తేలితే, ఇగ జన్మల ఏ ఇమ్మిగ్రేషన్ లాభం దొరకకుండ మూసేస్తరు. రేపు అమెరికా పిల్లను పెండ్లి చేసుకున్నా తలుపు తెరువరు. 2019ల ఫార్మింగ్టన్ అని అమెరికా ప్రభుత్వమే పెట్టిన దొంగ యూనివర్సిటీల మన పిల్లలు ఎంతమంది ఇరుక్కున్నరో యాదికి తెచ్చుకో. అప్పుడు గూడ "అందరు చేస్తున్నరు" అన్నదే మాట. మీ బావమరిదిని ఒక్కసారి అసలు లాయరు దగ్గర కూసోబెట్టు. పైసలు లేకుంటే ఉచితంగ, తక్కువకు చేసేటోళ్ల లిస్టు అక్కడి ఇమ్మిగ్రేషన్ కోర్టుల వెబ్‌సైటుల ఉంటది.

ఓరుగల్లు_కోట

నేను మొదలు అన్నది ఈ గట్టు లాంటోళ్ల గురించే. ఆ చెయ్యి ఇరిగిన పిల్లగాని గురించి కాదు. డీటీపీ భాయ్, అనువాదం అయినంక ఇంగ్లీషు ఒకసారి సదవడానికి మనిషి కావాల్నంటే చెప్పు. బ్యాంకుల ముప్పై ఏండ్లు ఉత్తరాలు రాసిన.

డీటీపీ_హన్మకొండ

మూడు వారాలైంది, ఏమైందో చెప్తున్న.

కోర్టు కాపీ వచ్చింది. జత చేసిన ఫిర్యాదు ఒకటిన్నర పేజీ ఉంది. కుడి చెయ్యి ఇరిగినందుకు పిల్లగాడు చెప్తుంటే చెల్లె రాసిందట, కింద ఆయనది ఎడమచేతి సంతకం, వంకర టింకరగ. "రాసే చెయ్యి ఏదిరా అని అడిగినారు" అని అండ్ల ఉంది. పోలీసు పేజీల "పాత కక్షల కారణంగా" అని ఉన్నదాన్ని ఉన్నట్టే తర్జుమా చేసిన, ఫిర్యాదును గూడ ఉన్నట్టే. పక్కపక్కన పెట్టి పంపిన.

రిజిస్టర్ పోస్టు కార్డు దొరికింది. వకీల్ సార్ చెప్పిన మూడు జాగల్ల లేదు, ఎరువుల షాపు పాసుబుక్కుల ఉంది.

పక్కింటాయన సాక్ష్యం ఇయ్యనన్నడు. రోజు వాళ్ల మొఖాలు చూసుకుంట ఊర్లె ఉండాలె గదా, బలవంతం పెట్టలే. లాయరమ్మ గూడ వద్దన్నది, ఎందుకు ఇయ్యలేదో పిల్లగాడు రాస్తే చాలన్నది. ఇక్కడి పోలీసులకు తెలుస్తదా అని బాపుకు ఒకటే రంది. అసైలం దరఖాస్తు సంగతి మన సర్కారుకు చెప్పకుండ అక్కడ నియమం ఉందని ఆమె ఫోన్ల చెప్పినంక జర నిమ్మళమైండు. నా కంప్యూటర్ల ఉన్న స్కాన్లు అన్నీ ఆయన ముంగటనే తీసేసిన.

కోట సార్ ఇంగ్లీషు సదివి పదకొండు తప్పులు పట్టిండు. "పంచాయితీ" దగ్గర నేను గూడ బోల్తా పడ్డ.

ఓపీ చీటీ అసలుది భద్రంగ ఉంచు బాపూ, ఇంటర్వ్యూకు అడుగుతరు అని చెప్పి పంపిన. ఇప్పుడే బస్టాండుకెల్లి ఫోన్ చేసిండు, "భద్రంగ ఉండాల్నని లామినేషన్ షాపుకు పోతున్న" అని. ఆగు బాపూ ఆగు, వేడికి అక్షరాలు పోతయి అని అరుస్తుంటేనే ఫోన్ కట్టయింది. షటరు దించి పోతున్న, మళ్ల రాస్త.